కిచకిచల యంత్రం వెనక నల్ల కాగితం: పాల్ క్లే బొమ్మపై పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పోయిన సంచిక వెనక అట్ట మీద పాల్ క్లే 1922లో వేసిన ‘కిచకిచల యంత్రం’ బొమ్మ అచ్చువేశాం. సన్నటి తీగ మీద నాలుగు పక్షులు, ఆ తీగను తిప్పడానికి పక్కన ఒక పిడి, వెనక నీలం నుంచి గులాబీలోకి జారిపోయే పలచని రంగు. బొమ్మ కింద ‘ఆయిల్ ట్రాన్స్‌ఫర్, నీటిరంగు, ఇంకు; అంచులు గ్వాష్‌తో’ అని ఒక్క లైను వేశాం (గ్వాష్ అంటే కింది కాగితం కనిపించకుండా కప్పే చిక్కటి నీటిరంగు). వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఆ లైను గురించే. ఒకే ప్రశ్న నలుగురైదుగురు అడిగిన చోట కలిపి జవాబిస్తున్నాం.

ఇది డ్రాయింగా, పెయింటింగా? గీతలు పెన్నుతో గీసినట్టే ఉన్నాయి, కానీ చుట్టూ మసి మరకలేమిటి? అచ్చులో లోపమా?
– డిగ్రీ విద్యార్థిని, తెనాలి

అచ్చులో లోపం కాదు. ఆ మరకలు అసలు బొమ్మలోనే ఉన్నాయి. ఇది కాగితం మీద పని కాబట్టి మ్యూజియాలు డ్రాయింగుల కిందే లెక్కవేస్తాయి.

ఆ నల్ల గీత పెన్నుది కాదు. నల్ల ఆయిల్ రంగు పూసిన కాగితాన్ని బోర్లా పెట్టి, పైనుంచి మొనతో నొక్కి గీస్తే కిందికి దిగిన గీత అది. ఆయిల్ ట్రాన్స్‌ఫర్, అంటే నూనె బదిలీ, ఇదే. అందుకే దాని అంచు నున్నగా ఉండదు. కాగితం గరుకులో ఎత్తుగా ఉన్న పోగులకు మాత్రమే రంగు అంటుకుంటుంది, పల్లాలు తెల్లగా మిగులుతాయి. గీస్తున్నప్పుడు అరచెయ్యి, మణికట్టు ఆనిన చోటల్లా రంగు కొంచెం కొంచెం దిగుతుంది. మీరు చూసిన మసి మరకలు అవే. క్లే వాటిని తుడిచెయ్యలేదు, కప్పెయ్యలేదు. ఆ గీత మీద నీటిరంగు, దాని చుట్టూ అట్ట మీద గ్వాష్, ఇంకు అంచులు. బొమ్మ సుమారు 41 × 30 సెంటీమీటర్లు, అట్టతో కలిపి 64 × 48.

ఈ పద్ధతి ఇంట్లో చెయ్యాలంటే ఏమేం కావాలి? కొలతలతో చెప్పండి.
– డ్రాయింగ్ మాస్టారు, నల్గొండ, మరో ముగ్గురు

ఏ4 సైజు బొమ్మకు చెబుతాం. పెద్ద సైజుతో మొదలుపెట్టకండి, రంగు పూత సమంగా రాదు.

కింద కాగితం: 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువుండే) వాటర్ కలర్ పేపరు, నున్నటి రకం. మరీ గరుకు కాగితమైతే గీత ముక్కలు ముక్కలుగా దిగుతుంది. డబ్బు తక్కువైతే 200 జీఎస్ఎం కాట్రిడ్జ్ (మామూలు డ్రాయింగ్) పేపరు‌తో సాధన చెయ్యొచ్చు, కానీ తడి వాష్, అంటే పలచని నీటిరంగు పూత, వేస్తే అది ఉబ్బి అలలు తేలుతుంది. హ్యాండ్‌మేడ్ పేపర్లలో కొన్నింటికి సైజింగ్ (తడి ఇంకకుండా పట్టించే జిగురు) సరిగా ఉండదు. ఒక చుక్క నీళ్లు వేసి చూడండి. వెంటనే పీల్చేసుకుంటే ఆ కాగితం నూనెనూ అలాగే పీలుస్తుంది. అప్పుడు 5 గ్రాముల జెలటిన్‌ను 250 మిల్లీలీటర్ల చల్లటి నీళ్లలో ఇరవై నిమిషాలు నానబెట్టి, మరగనివ్వకుండా వేడిచేసి కరిగించి, వెడల్పు బ్రష్‌తో ఒక పూత వెయ్యండి. ఆరాక రెండో పూత.

రంగు పూసే కాగితం: ట్రేసింగ్ పేపరు. ఏ4 కంటే చుట్టూ రెండు వేళ్లు పెద్దగా ఉండాలి.

రంగు: ఆయిల్ ట్యూబులో లాంప్ బ్లాక్, శనగగింజంత. అందులో పావు వంతు బర్న్ట్ అంబర్ కలపండి. నల్ల రంగులు ఆరడానికి బద్ధకిస్తాయి. అంబర్‌లో ఉండే మాంగనీసు నూనెను తొందరగా ఆరేలా చేస్తుంది. గీత కూడా కాస్త వెచ్చటి నలుపులో వస్తుంది.

అసలు కిటుకు ఇక్కడుంది. ట్యూబులోంచి తీసిన రంగును నేరుగా వాడొద్దు. వార్తాపత్రిక నాలుగు మడతలు వేసి దాని మీద రంగు పరిచి గంటో రెండు గంటలో వదిలెయ్యండి. పత్రిక మీద రంగు చుట్టూ నూనె వలయం పాకుతుంది. అంత నూనె మీ బొమ్మలోకి వెళ్లకుండా తప్పిందన్నమాట. ఈ పని చెయ్యనివాళ్ల బొమ్మల్లో కొన్ని నెలలకు గీతకు రెండు పక్కలా పసుపు గోధుమ రంగు నీడ తేలుతుంది. తేలాక దాన్ని తీసే ఉపాయం లేదు.

నూనె ఇంకిన రంగును ట్రేసింగ్ పేపరు మీద పాత ఏటీఎం కార్డులాంటి దానితో లాగి పరచండి. తర్వాత పాత నూలు బట్టతో గుండ్రంగా రుద్దుతూ పలచన చెయ్యండి. కింద అచ్చు కాగితం పెడితే పూతలోంచి అక్షరాలు మసకగా కనిపించాలి. ఆ పలచన చాలు. కనిపించకపోతే పూత ఎక్కువైనట్టే. ఇప్పుడు దాని మీద శుభ్రమైన వార్తాపత్రిక కప్పి అరచేత్తో ఒత్తి తీసెయ్యండి. కొత్త కాగితంతో ఇంకోసారి ఒత్తండి.

పరీక్ష: చిత్తు కాగితం మీద ఈ పూతను బోర్లించి వేలితో మెల్లగా తాకితే గుర్తు పడకూడదు, లేదా లేత బూడిద నీడ మాత్రమే పడాలి. పుల్లతో గీస్తే నల్లటి గీత పడాలి. ఈ రెండూ కుదిరితేనే ముందుకు వెళ్లండి.

కింద వాటర్ కలర్ పేపరును బోర్డుకు మాస్కింగ్ టేపుతో నాలుగు పక్కలా అంటించండి. దాని మీద పూత కాగితం, రంగు వైపు కిందికి. దాని మీద, ముందే వేరే కాగితం మీద గీసుకున్న మీ బొమ్మ, బొమ్మ వైపు పైకి. పై రెండింటినీ పై అంచున మాత్రమే టేపు చెయ్యండి. కింద నుంచి ఎత్తి చూసుకుని మళ్లీ వాల్చుకోవచ్చు. గీయడానికి రీఫిల్ అయిపోయిన బాల్‌పెన్, లేదా 4హెచ్ పెన్సిల్. క్లే లోహపు మొన వాడేవాడు. ఇంట్లో అల్లిక సూది దానికి దగ్గరగా ఉంటుంది, కానీ సన్నటి కాగితాన్ని చింపుతుంది, జాగ్రత్త.

చెయ్యి ఆనకుండా గీయాలంటే రెండు పుస్తకాల మీద వెడల్పు స్కేలు వంతెనలా పెట్టి దాని మీద మణికట్టు ఆనించండి. మరకలు కావాలంటే స్కేలు తీసెయ్యండి. కానీ కావాలని వేళ్లతో అక్కడక్కడ ఒత్తి మరకలు పుట్టించకండి. చూడగానే తెలిసిపోతుంది. పని చేస్తుండగా పడిన మరక గీతల గుంపు పక్కనే ఉంటుంది, ఒత్తి పుట్టించినది ఖాళీలో తేలుతూ కనిపిస్తుంది.

నూనె గుడ్డలను ఉండ చుట్టి మూల పడెయ్యొద్దు. అవిసె నూనె ఆరుతూ వేడి పుట్టిస్తుంది, ఉండలో ఆ వేడి చిక్కుకుని దానంతట అదే అంటుకోవచ్చు. ఆరుబయట పరిచి ఆరెయ్యండి.

గీత దిగింది. రెండో రోజు నీటిరంగు వేస్తే బ్రష్ నల్లబడి రంగంతా బురదయింది. ఎందుకు?
– పాఠకురాలు, కాకినాడ

నూనె గీత నీళ్లను తోసేస్తుంది కాబట్టి తడిగా ఉన్నా ఫరవాలేదని చాలామంది అనుకుంటారు. తోసెయ్యడం నిజమే. కానీ బ్రష్ వెంట్రుకల రాపిడికి ఆరని రంగు లేస్తుంది. పూత పలచగా ఉంటే వేసవిలో నాలుగైదు రోజులు, వానాకాలంలో పది రోజుల నుంచి రెండు వారాలు ఆగండి. గీత మీద తెల్ల కాగితం పెట్టి గోరుతో రుద్దితే మరక అంటకూడదు.

ఆరాక కూడా ఒకే చోట రుద్దొద్దు. మెత్తటి గుండ్రటి బ్రష్‌తో, బోర్డును కొంచెం వాలుగా పెట్టి, పలచని రంగును పై నుంచి కిందికి ఒక్కసారి దించండి. మొదటి వాష్ పూర్తిగా ఆరాకే రెండోది. లేత రంగు గీత దగ్గరికి వచ్చి వెనక్కి ముడుచుకుంటే సన్నటి తెల్ల అంచు మిగులుతుంది. దాన్ని పూడ్చకండి. గీత, రంగు విడివిడిగా ఊపిరి పీల్చుకునేది అక్కడే.

రంగులో ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ వేస్తే గీత మీద కూడా పరుచుకుంటుందని కొందరు సలహా ఇస్తారు. పరుచుకుంటుంది, నిజమే. మరి అలాంటప్పుడు ఇంత కష్టపడి నూనె గీత గీసిందెందుకు?

మాకొచ్చిన ఇబ్బందులు: గీత జంటగా పడుతోంది, కొన్ని చోట్ల అసలు పడటం లేదు, గీత పక్కన రంగు కాలువలా నిలుస్తోంది.
– వరంగల్, ఒంగోలు, బెంగళూరు నుంచి వచ్చిన ఉత్తరాలు

జంట గీత: పై కాగితం జరిగింది. ఒకే అంచున టేపు చేసినప్పుడు మొనను ఆ అంచు నుంచి దూరంగా లాగండి, అంచు వైపు తొయ్యకండి. తోస్తే కాగితం ఉబ్బి జరుగుతుంది.

గీత పడకపోవడం: పూత ఎక్కువ ఆరిపోయింది, లేదా బట్టతో రుద్దినప్పుడు అక్కడ పూర్తిగా పోయింది. పూత కాగితాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే ఖాళీలు కనిపిస్తాయి. ఇంకో సంగతి, గీసిన చోట రంగు కిందికి దిగిపోతుంది కాబట్టి అదే కాగితాన్ని రెండో బొమ్మకు వాడితే మొదటి బొమ్మ గీతలు తెల్ల చారలుగా అడ్డొస్తాయి.

రంగు కాలువలా నిలవడం: మరీ గట్టిగా నొక్కారు. మొన కాగితంలో గాడి చేసింది, నూనె తోసేసిన నీళ్లు ఆ గాడి ఒడ్డున చేరి ముదురుగా ఆరాయి. పూత సరిగా ఉంటే రాసుకునేటప్పుడు పెట్టే బలం చాలు.

ఇంత తతంగం లేకుండా కార్బన్ పేపరు పెడితే? నీటిరంగు బదులు అక్రిలిక్?
– ఇంటర్ విద్యార్థి, కర్నూలు

కార్బన్ గీత మొదటి నుంచి చివరి దాకా ఒకే మందంలో, ఫారం నింపినట్టు ఉంటుంది. నీలం కార్బన్‌లోని రంగు వెలుతురుకు వెలిసిపోతుంది కూడా. కూర్పు సరిచూసుకోవడానికి వాడుకోండి, అసలు బొమ్మకు వద్దు. ఆయిల్ గీత మీద అక్రిలిక్ పట్టదు, కొన్నాళ్లకు పొరగా లేస్తుంది. నీళ్లతో కరిగే బ్లాక్ ప్రింటింగ్ ఇంకు కూడా వద్దు. వాష్ తగలగానే కరుగుతుంది.

తన బొమ్మనే తను ట్రేస్ చేసుకుంటే అది కాపీయే కదా? దానికి విలువెలా వచ్చింది?
– పాఠకుడు, నిజామాబాద్

ఈ బొమ్మకు మూలం 1921లో క్లే పెన్నుతో వేసిన ‘కొమ్మ మీద కచేరీ’. ఆ పెన్ను బొమ్మను పైన పెట్టి, దాని గీతల వెంటే మొనతో గీసి కింది గీతను దించాడు. రెండింటికీ తన జాబితాలో వేర్వేరు నంబర్లిచ్చాడు. అంటే ఆయన దృష్టిలో రెండూ వేర్వేరు పనులే.

పక్కపక్కన పెట్టి చూస్తే కారణం తెలుస్తుంది. పెన్ను బొమ్మ చురుకైన స్కెచ్, అంతే. దించిన గీతకు వణుకు, బొంగురు వచ్చాయి. రంగు వచ్చి ఆ పక్షులకు పొద్దూ చలీ తెచ్చింది. మూలం కూడా పాడవకుండా మిగిలింది. నేరుగా పెన్ను బొమ్మ మీదే రంగు పూసి ఉంటే, అది తేలిపోతే రెండూ పోయేవి. ఆ భయం లేకపోవడం వల్లే క్లే రంగుతో అంత తెగించాడని మా అభిప్రాయం.

ఫ్రెంచి చిత్రకారుడు గొగేన్ కూడా 1899 నుంచి నూనె బదిలీ బొమ్మలు వేశాడు. ఆయన రంగు పూసిన కాగితం మీద తెల్ల కాగితం పరిచి దాని వీపు మీద గీసేవాడు. అందుకే ఆయన బొమ్మ కుడి ఎడమలు తారుమారై వస్తుంది. క్లే పద్ధతిలో తారుమారు కాదు.

అబ్‌స్ట్రాక్ట్ బొమ్మ అని పోయిన సంచికలో రాశారు. పక్షులు కనిపిస్తున్నాయి కదా?
– పాఠకురాలు, హైదరాబాద్

మీరన్నది సబబే, పూర్తి అబ్‌స్ట్రాక్ట్ కాదు. క్లే ఎక్కువగా ఆ సరిహద్దు మీదే పనిచేశాడు. ఆ నోళ్లు చూడండి: ఒకదాని నాలుక బాణం, ఒకదానిది గాలం, ఒకదానిది ఆశ్చర్యార్థకం. పక్షిని గీయలేదు, కూతలోని రకాలను గుర్తులుగా గీశాడు. వయొలిన్ బాగా వాయించేవాడు కాబట్టి ఆ తేడాలు ఆయన చెవికి తెలుసు. రెండు మూడు అడుగుల దూరంలో నిలబడి చూస్తే పక్షులు పోయి, అడ్డగీత మీద లేచిన నాలుగు ముళ్లు మిగులుతాయి. బొమ్మ నిలబడేది ఆ కూర్పు మీదే.

క్లే గురించి క్లుప్తంగా చెప్పండి.
– లైబ్రేరియన్, శ్రీకాకుళం

1879 డిసెంబరు 18న స్విట్జర్లాండ్‌లో బెర్న్ దగ్గర మ్యూన్‌షెన్‌బుక్‌సేలో పుట్టాడు. తండ్రి జర్మన్, సంగీతం మాస్టారు. తల్లి స్విస్, గాయని. మ్యూనిక్‌లో చదివాడు. 1914లో ట్యునీషియా వెళ్లొచ్చాక రంగు మీద పట్టు చిక్కింది. 1921 నుంచి 1931 దాకా జర్మనీలోని కళల బడి బౌహౌస్‌లో, తర్వాత డ్యుసెల్‌డార్ఫ్ అకాడమీలో పాఠాలు చెప్పాడు. 1933లో నాజీలు ఉద్యోగం పీకేస్తే బెర్న్ చేరాడు. 1937లో మ్యూనిక్‌లో ఆధునిక కళను ఎగతాళి చెయ్యడానికి వాళ్లు పెట్టిన ‘దిగజారిన కళ’ ప్రదర్శనలో ఈయనవి 17 బొమ్మలు. కిచకిచల యంత్రాన్ని కూడా ఆ ఏడే బెర్లిన్ మ్యూజియం నుంచి లాగేశారు. 1939లో న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ కొనుక్కుంది, ఇప్పటికీ అక్కడే ఉంది. క్లే 1940 జూన్ 29న కన్నుమూశాడు. పుట్టిన దేశంలోనే చనిపోయినా అప్పటికింకా స్విస్ పౌరసత్వం చేతికి రాలేదు. బెర్న్‌లో 2005లో తెరిచిన పాల్ క్లే సెంటర్‌లో సుమారు 4,000 పనులున్నాయి.

బొమ్మ అట్ట మీద ‘1922 151’ అని ఉంటుంది. దాన్ని తేదీ అనుకుని ఇద్దరు రాశారు. అది ఆ ఏడాది జాబితాలో 151వ పని అని. 1911 నుంచి ఆయన తన పనులన్నీ జాబితా రాసుకున్నాడు, చిన్నప్పటి బొమ్మల్లో కొన్నింటినీ వెనక్కి వెళ్లి చేర్చాడు.

మన దేశంలో క్లే బొమ్మలు ఎప్పుడైనా ప్రదర్శించారా?
– రిటైర్డ్ టీచరు, విజయనగరం

ఈ బొమ్మ వేసిన సంవత్సరమే. 1922 డిసెంబరులో కలకత్తాలో ఇండియన్ సొసైటీ ఆఫ్ ఓరియంటల్ ఆర్ట్ ప్రదర్శనకు బౌహౌస్ నుంచి పనులు వచ్చాయి. క్లే, కాండిన్‌స్కీ, ఇటెన్, ఫైనింగర్ అందులో ఉన్నారు. అప్పట్లో శాంతినికేతన్‌లో పాఠాలు చెబుతున్న కళాచరిత్రకారిణి స్టెల్లా క్రామ్‌రిష్ ఉత్తరాలు రాసి తెప్పించింది. అదే ప్రదర్శనలో గగనేంద్రనాథ్ టాగూర్ బొమ్మలూ ఉన్నాయి.

నూనె శాతంతో ఆడుకున్న తెలుగువాడి పేరు కూడా ఇక్కడ చెప్పాలి. చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టిన కృష్ణారెడ్డి, పారిస్‌లో ప్రింట్ల కళాకారుడు హేటర్ స్టూడియోలో పనిచేస్తూ, నూనె ఎక్కువ తక్కువలున్న ఇంకులు ఒకదాన్నొకటి తోసుకునే గుణంతో ఒకే రేకు మీద అనేక రంగులు అచ్చువేసే పద్ధతికి రూపమిచ్చినవాళ్లలో ఒకడు. పద్ధతి వేరే, ప్రింటుకు సంబంధించింది. నూనె గుణం పట్టుకోవడం మాత్రం ఒక్కటే.

చివరి రోజుల బొమ్మల్లో గీత వేలంత లావు. అదీ ఇదే పద్ధతా?
– చిత్రకళ విద్యార్థి, తిరుపతి

కాదు. ఆయన నూనె బదిలీని 1919 ప్రాంతంలో మొదలుపెట్టి 1920ల నడుమ దాకా ఎక్కువగా వాడాడు. 1935లో చర్మం బిగుసుకుపోయే జబ్బు లక్షణాలు మొదలయ్యాయి. అది స్క్లెరోడెర్మా అని పోయాక వైద్యులు తేల్చారు. ఆ రోజుల్లో గంజిలాంటి జిగురులో కలిపిన రంగుతో గోనె మీద, వార్తాపత్రిక మీద లావు నల్ల గీతలు వేశాడు. ఆ ఒంటితోనే 1939లో 1,200కు పైగా పనులు చేశాడు.

మీరు చెయ్యాలంటే రంగు కలపడానికి మైదా గంజి వాడొద్దు, సిల్వర్‌ఫిష్ పురుగు తినేస్తుంది. మైలుతుత్తం కలిపితే పురుగు పట్టదు కానీ అది విషం, రంగునూ పచ్చబరుస్తుంది. 100 మిల్లీలీటర్ల నీళ్లకు 3 గ్రాముల మిథైల్ సెల్యులోజ్ వేసి రాత్రంతా వదిలితే చిక్కటి జిగురు అవుతుంది. అందులో పొడి రంగు కలపండి. పొడి పీల్చకుండా ముక్కుకు గుడ్డ కట్టుకోండి.

బొమ్మను అట్టకు ఫెవికాల్‌తో అంటించి ఫ్రేము కట్టించాను. ఏడాదికే బుడగలు, గోధుమ చుక్కలు. ఇల్లు సముద్రానికి దగ్గర.
– పాఠకుడు, విశాఖపట్నం

బుడగలు జిగురు వల్ల, చుక్కలు తేమ వల్ల. తేమతో కాగితం సాగి ముడుచుకుంటుంది. పూర్తిగా అంటించేస్తే కదలడానికి చోటుండదు, జిగురు వదిలిన చోట లేస్తుంది. గాలిలో తేమ 65 శాతం దాటి నిలిస్తే బూజు పడుతుంది.

ఈసారి యాసిడ్ లేని అట్ట తీసుకుని, బొమ్మను పై అంచున రెండే చోట్ల అంగుళం వెడల్పు జపాన్ టిష్యూ ముక్కలతో గంజి జిగురు పెట్టి వేలాడదీయండి. ముందు కిటికీ మౌంటు (బొమ్మ చుట్టూ చట్రంలా కోసిన అట్ట) 2 మిల్లీమీటర్ల మందం అయినా ఉండాలి, గాజు బొమ్మకు తగలకూడదు. ఫ్రేము వెనక నాలుగు మూలలా బిరడా ముక్కలు అతికిస్తే గోడకూ ఫ్రేముకూ మధ్య గాలి ఆడుతుంది. వాన కొట్టే బయటి గోడకు వద్దు. ఉన్న బొమ్మను అట్ట నుంచి పీకే ప్రయత్నం మీరు చెయ్యకండి, కాగితం పొరలుగా చీలుతుంది. కాగితాల మరమ్మతు తెలిసినవారికి చూపించండి.

క్లే కూడా తన బొమ్మలను అట్టకు అంటించేవాడు. 1920లో ఇదే పద్ధతిలో వేసిన ‘ఆంజెలుస్ నోవుస్’ను జర్మన్ మత సంస్కర్త మార్టిన్ లూథర్ పాత అచ్చుబొమ్మ మీద అంటించాడని 2015లో బయటపడింది. ఆయన చేశాడు కదా అని మనమూ చెయ్యనక్కర్లేదు.

ఆన్‌లైన్‌లో ‘క్లే ఒరిజినల్’ అని ఒకటి అమ్ముతున్నారు. నమ్మొచ్చా? మా బడి గోడ మీద ఈ బొమ్మ వేసుకోవచ్చా?
– షార్జా నుంచి ఒకరు, సిద్దిపేట నుంచి ఒకరు

పదింతలు పెంచి చూపే భూతద్దంతో చూడండి. గీతలో రంగురంగుల చుక్కల వలయాలు కనిపిస్తే ఆఫ్‌సెట్ ప్రింటు. చుక్కలు లేనంత మాత్రాన అసలుదని కాదు, ఇంకు జెట్ ప్రింటులోనూ ఆ వలయాలుండవు. అసలు పనులకు సంవత్సరం, నంబరు, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చిందో చరిత్ర ఉంటాయి. అవి చూపించలేనివాడికి డబ్బు కట్టకండి.

గోడ సంగతికొస్తే, మన చట్టంలో కాపీరైటు కళాకారుడు పోయాక 60 ఏళ్లు. క్లేది 2000తో తీరిపోయింది. వేసుకోండి. సున్నం గోడ మీద నూనె బదిలీ కుదరదు. ముందు పలచని రంగు దించి, ఆరాక పొడి బ్రష్‌తో నల్ల గీత లాగండి.